చిత్రకళా కృషీవలుడు విన్సెంట్ వాన్ గో

చిత్రకారుడనగా పుట్టుకతోనే చేతిలో కళ గలవాడనియు, అతడు కుంచె పట్టినంతనే బొమ్మ దానంతట అది రూపొందుననియు మనలో పెక్కుమంది తలంతురు. హాలండు దేశీయుడైన విన్సెంట్ వాన్ గో జీవితము తెలిసికొన్నవారికి ఈ అభిప్రాయము నిలువదు. ఇరువదియేడవ యేటగాని అతడు చిత్రకళను చేపట్టలేదు. ముప్పదియేడవ యేట మరణించెను. ఈ నడుమనున్న పదేండ్లలోనే రమారమి 860 తైలవర్ణ చిత్రములను, వేయికి మించిన రేఖాచిత్రములను రచించెను. నేడు అతని పేరు దేశదేశములయందు ప్రసిద్ధము. అయినను ఆ కీర్తిసౌధమునకు పునాది పడినది మహానగరమున గాదు. ఒక చిన్న పల్లెటూర, 1884-85 చలికాలమున, సేద్యగాండ్ర గుడిసెలలో పడినది. ఆ చలికాలపు కృషిని ముఖ్యముగా తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పల్లెటూరి గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో విదేశీయుడగు చిత్రకారుని కథ యేల యని కొందరు శంకింపవచ్చును. అతడు పల్లెను నమ్మినవాడు; గురువులు దొరకనపుడు పుస్తకములనే గురువులుగా చేసికొన్నవాడు. ఈ రెండు కారణములును చాలునని తలంచుచున్నాము.

విన్సెంట్ 1853 మార్చి 30వ తేదీన హాలండు దక్షిణభాగమందలి బ్రబాంట్ సీమలో జుండెర్ట్ అను గ్రామమున జన్మించెను. తండ్రి థియొడోరస్ ప్రొటెస్టెంట్ మతబోధకుడు. తల్లి పేరు అన్నా. వారి ఆరుగురు సంతానములో విన్సెంట్ పెద్దవాడు. 1857లో పుట్టిన తమ్ముడు థియో అన్నకు జీవితాంతము అండగా నిలిచెను. మతబోధకుని జీతము స్వల్పము, సంసారము పెద్దది. చుట్టును దున్నిన పొలములు, బీడుభూములు, గడ్డికప్పుల ఇండ్లు. వీని నడుమ ఆ బాలుడు పక్షిగూండ్లను ఏరుచు, పురుగులను పరిశీలించుచు ఒంటరిగా తిరుగుచుండెడివాడు.

పదునారవ యేట, 1869లో, పెదతండ్రికి సంబంధమున్న గూపిల్ అను చిత్రవిక్రయ సంస్థలో, హేగ్ నగరమున, ఉద్యోగమున ప్రవేశించెను. పిమ్మట లండనులోను, పారిస్‌లోను ఆ సంస్థయందే పనిచేసెను. కొనవచ్చినవారితో బొమ్మల మంచిచెడ్డలను గూర్చి వాదమునకు దిగు గుమాస్తా వర్తకమునకు పనికిరాడు గదా! 1876లో ఆ ఉద్యోగము పోయెను. తరువాత ఇంగ్లండులో కొన్నాళ్లు బడిపంతులుగను, 1877లో డోర్డ్రెక్ట్ పట్టణమున పుస్తకముల అంగడిలో గుమాస్తాగను ఉండెను. ఆమ్‌స్టర్‌డాములో మతశాస్త్రము చదువబూని మధ్యలో మానెను. 1878 చివర బెల్జియములోని బొరినాజ్ అను బొగ్గుగనుల ప్రాంతమునకు మతబోధకుడుగా వెడలి, తన బట్టలను పేదలకిచ్చి, గనికార్మికుల వలెనే కటికనేల పరుండి బ్రతికెను. ఈ వైఖరి మతాధికారులకు రుచింపలేదు. 1879లో వారు అతనిని ఆ పనియందు కొనసాగింప నిరాకరించిరి.

పని లేదు; ధనము లేదు; ఇంటివారికి అతనిపై నమ్మకమును లేదు. అట్టి దుస్థితిలో, 1880లో, చిత్రకారుడు కావలెనని నిశ్చయించుకొనెను. గనికార్మికుని ఇంటిలోని ఒక చిన్నగది అతని పాఠశాల. చార్లెస్ బార్గ్ అను ఫ్రెంచి కళాకారుడు అభ్యాసకుల కొరకు కూర్చిన బొమ్మల సంపుటములను తెప్పించుకొని, అందొక సంపుటమందలి 60 పత్రములను ఒక్కటియు విడువక దించెను. ముగిసిన పిదప మరల మొదటినుండి దించెను. మన బడులలో పసివారు అక్షరములు దిద్దునట్లు ఆ ఇరువదియేడేండ్ల యువకుడు గీతలు దిద్దెను. అతనికి కళాశాలలో గడిపిన దినములు బహుస్వల్పము; గ్రంథములతో గడిపిన దినములు అనేకము. రైతుల జీవితమును చిత్రించి ప్రసిద్ధుడైన మిల్లే అను ఫ్రెంచి చిత్రకారుని చరిత్రమును 1882లో చదివి, ఆయనను మార్గదర్శిగా గ్రహించెను. రంగుల మేళనమును గూర్చిన శాస్త్రమును చార్లెస్ బ్లాంక్ రచించిన గ్రంథములనుండి నేర్చెను. డికెన్స్, జోలా మొదలగువారి నవలలు అతనికి నిత్యపఠనీయములు.

హేగ్ నగరమున రెండేండ్లకు కొంచెము తక్కువగా అభ్యాసము చేసి, డ్రెంతె అను బీడుభూముల ప్రాంతమున మూడు మాసములు గడిపి, చలికిని ఒంటరితనమునకును తాళలేక 1883 డిసెంబరులో తల్లిదండ్రుల చెంతకు వచ్చి చేరెను. అప్పటికి తండ్రి న్యూనెన్ అను గ్రామమున మతబోధకుడుగా నుండెను. న్యూనెన్ బ్రబాంట్ సీమలోనే ఐంధోవెన్ పట్టణమునకు సమీపమున నున్నది. జనులలో అధికసంఖ్యాకులు కాథలిక్కులు. ప్రొటెస్టెంటులు కొలదిమంది మాత్రమే. కొందరు సేద్యము చేయుదురు, కొందరు చేమగ్గములపై బట్టలు నేయుదురు. ఆదాయము చాలని ఇండ్లలో రెండును చేయుదురు.

ముప్పదియేండ్ల కుమారుడు సంపాదన లేక ఇల్లు చేరుట తండ్రికి బరువైనది. తండ్రియొక్క మౌనము కుమారునకు బరువైనది. ఇరువురును మంచివారే, ఇరువురును పట్టుదల గలవారే. విన్సెంట్ మాట పెళుసు, కోపము తొందర. ఇంటివెనుక బట్టలుతుకు గది నొకదానిని చిత్రశాలగా వాడుకొనుటకు తండ్రి ఇచ్చెను. 1884 జనవరిలో తల్లి జారిపడి తొడయెముక విరిగి మంచము పట్టగా, విన్సెంట్ ఆమెకు ఓర్పుతో పరిచర్య చేసెను. దానివలన ఇంటిలో కొంతకాలము సామరస్యము నెలకొనెను. ఆ సంవత్సరము మే నెలలో అతడు కాథలిక్ చర్చి పరిచారకుని ఇంట రెండు గదులను అద్దెకు తీసికొని, చిత్రశాలను అచటికి మార్చెను.

తమ్ముడు థియో ఆ కాలమున పారిస్ నగరమున గూపిల్ సంస్థలో ఉద్యోగి. అతడు నెలకు 150 ఫ్రాంకుల చొప్పున అన్నకు పంపుచుండెను. ఇది దానముగా నుండుట విన్సెంటునకు ఇష్టము లేకపోయెను. ధనమునకు బదులుగా తన చిత్రములన్నియు థియో సొత్తు కావలెనని 1884లో అతడే ప్రతిపాదించెను. నాడు ఆ చిత్రములను కొనువాడు లేడు. వానికి వెల లేదు. అయినను తాను అన్నము ఊరక తినుట లేదనియు, పనిచేసి తినుచున్నాననియు అతడు తలయెత్తి చెప్పుకొనుటకు ఆ ఒడంబడిక ఆధారమయ్యెను. ఆ ధనములో అధికభాగము రంగులకును, తన యెదుట కూర్చుండు పల్లెజనులకు ఇచ్చు కూలికిని వ్యయమయ్యెడిది. తనకు సాదా రొట్టె చాలుననెడివాడు.

న్యూనెన్‌లో మొదటి చలికాలమున అతడు సాలెవారిని చిత్రించెను. ఇరుకు గదిలో నల్లబడిన మగ్గము, దాని చట్రము నడుమ బోనులో చిక్కినట్లు కూర్చుండిన నేతగాడు, ఒక చిన్న కిటికీ. ఇట్టి చిత్రములను పదింటి వరకు రంగులలోను, అంతకు మించి కలముతోను వ్రాసెను. మగ్గమును చక్కగా చిత్రింపగలిగెను గాని, మనుష్యుడు ఇంకను పట్టుపడలేదు. మగ్గమునకు చూపిన శ్రద్ధను మనుష్యుని ముఖమునకు చూపవలెనని అతనికి తోచినది.

1884 శరత్కాలము గతించి చలి ఆరంభము కాగానే అతడొక దీక్ష పూనెను. చలికాలము ముగియులోపల గ్రామమందలి సేద్యగాండ్ర ముఖములను యాభై చిత్రింపవలెను. ఇవి అమ్మకమునకు ఉద్దేశింపబడినవి కావు. ధనికులు గోడలకు వ్రేలాడదీసికొను ప్రతిమలును కావు. పనికి ముందు పనిముట్టు పదును పెట్టుకొనునట్లు చేతిని, కంటిని పదును పెట్టుకొనుట కొరకైన అభ్యాసము. తరువాత పలువురు కూర్చుండిన పెద్ద చిత్రమును వ్రాయవలెనన్న కోరిక అతని మనస్సున లేకపోలేదు. కాని ఒక్క ముఖమునైన సరిగా వ్రాయలేనివాడు అయిదు ముఖములను ఎట్లు కూర్చగలడు?

ఈ పనికి చలికాలము అనుకూలమైనది. పొలములలో పని తక్కువ. జనులు ఇండ్ల పట్టున దొరకుదురు. కొద్దిపాటి కూలి ఇచ్చినచో గంట రెండుగంటలు కదలక కూర్చుండుటకు అంగీకరింతురు. అయినను ప్రతికూలములును లేకపోలేదు. ఆ దేశమున డిసెంబరు మాసమున పగలు ఎనిమిది గంటలైన నుండదు. అందులోను మబ్బు పట్టిన దినములు మిక్కిలి. గుడిసెలకు కిటికీలు చిన్నవి, లోగోడలు పొగచూరినవి. సూర్యుడున్నంతసేపు ఆ కిటికీ వెలుతురున చిత్రించెడివాడు. పొద్దుక్రుంకిన పిదప నూనె దీపపు వెలుగున సాగించెడివాడు. పలకపై కలుపుకొన్న రంగు ఏదియో దీపకాంతిలో సరిగా తెలియదు; అయినను చేయి ఆగదు. రాత్రులు కలముతో ఆ ముఖములనే చిన్న చిన్న కాగితములపై మరల గీచి తమ్మునకు పంపెడివాడు.

డిసెంబరు గడచెను, జనవరి గడచెను. దినమునకొక ముఖము, కొన్ని దినములలో అదే ముఖము మరల మరల. అడ్డమైన దవడలు, వెడల్పు నొసళ్లు, దళసరి పెదవులు, ఎండకును గాలికిని కరకుబారిన చర్మము. బ్రబాంట్ స్త్రీలు ధరించు తెల్లని టోపీలు కొన్నిటను, పనివేళల నల్లని టోపీలు కొన్నిటను కానవచ్చును. ఒక్కొక్క చిత్రము జానెడు రెండు జానల కాన్వాసు మాత్రమే. అందమైన ముఖములను అతడు వెదకలేదు. పల్లెటూరివారిని పండుగ బట్టలలో, చిరునవ్వులతో చిత్రించుట నగరవాసులను మెప్పించుటకేయని అతని అభిప్రాయము. దుమ్ము అంటిన పనిబట్టలలో రైతుకు గల గౌరవము పండుగ కోటులో లేదని అతడు నమ్మెను. ఈ ముఖములకు నమూనాలైనవారిలో డి గ్రోట్ అను సేద్యగాండ్ర కుటుంబమువారు ముఖ్యులు. ఆ ఇంటి గుమ్మము అతనికి నిత్యము తెరచియుండెడిది.

ఆ అభ్యాసము నందలి మర్మము రంగులలో నున్నది. చీకటి గదిలో కూర్చుండిన మనుష్యుని ముఖమును ఉన్నదున్నట్లు చిత్రించుట కష్టతరము. నలుపు పులిమినచో గది చచ్చిపోవును. తెలుపు కలిపినచో చీకటి పోవును. బ్లాంక్ గ్రంథములలో చదివిన సూత్రములను అతడు ఇచట ప్రయోగించెను. ఎరుపు ప్రక్కన ఆకుపచ్చ, నీలము ప్రక్కన నారింజ ఉన్నయెడల రెండును పరస్పరము ప్రకాశించును. రెంటిని కలిపినచో రెండును మందగించి బూడిదవన్నె యగును. ఈ రీతిని రంగులనుండియే చీకటిని పుట్టింప నేర్చెను. కొలదికాలమునకు తన పెద్ద చిత్రములోని తెల్లని భాగములను సింధూరపు ఎరుపు, ముదురు నీలము, లేత పసుపు కలిపిన మసక రంగుతో వ్రాసెను. ప్రక్కనున్నది అంతకంటె చీకటి యగుటచే అదియే కంటికి తెలుపుగా తోచును. పుస్తకమున చదివిన వాక్యము గుడిసెలో అనుభవమైనది.

ఫిబ్రవరి వచ్చెను. చలికాలము తుదిదశ అది. మంచు పూర్తిగా విడువదు, చెట్లు చిగురింపవు. అయినను పగలు దినదినమును కొంచెము కొంచెముగా పెరుగును. నెల ముగియు నాటికి వెలుతురు పదిగంటలకు మించి యుండును. ఆ అదనపు వెలుతురునంతయు అతడు ముఖములకే వినియోగించెను. దీక్ష పూనిన వాని ఉత్సాహము ఆదియందు ఎవరికైనను ఉండును. మధ్యకాలమున, ఫలము కనబడకయు, మెచ్చువారు లేకయు, నిన్నటి పనియే నేడును చేయవలసివచ్చునపుడు నిలిచినవాడే సాధకుడు. నాడు ప్రక్క పట్టణమైన ఐంధోవెన్‌లో చిత్రకళ నభ్యసింప గోరిన కొలదిమంది ఔత్సాహికులు అతనివద్ద పాఠములు నేర్చుకొనుచుండిరి. వారిలో తోళ్లు పదును చేయు వ్యాపారి యొకడు. నేర్పువాడు స్వయముగా నేర్చుకొనుచునే యుండెను. ఆ చలికాలపు ముఖములలో నలువదికి పైగా నేటికిని నిలిచియున్నవి. తొలినాటివానిని, చివరివానిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినవారికి తేడా తెలియును. మొదటివానిలో రంగు ముఖముపై పూసినట్లుండును; చివరివానిలో ముఖమే రంగునుండి పుట్టినట్లుండును.

ఇంతలో ఇంట విషాదము సంభవించెను. 1885 మార్చి 26వ తేదీన తండ్రి బయటినుండి ఇంటికి తిరిగి వచ్చి, గుమ్మమువద్దనే కూలి హఠాత్తుగా మరణించెను. 30వ తేదీన ఖననము జరిగెను. నాడు విన్సెంటునకు ముప్పదిరెండవ జన్మదినము. తండ్రికుమారుల నడుమ చెప్పుకొనవలసినవి చాల మిగిలిపోయెను. కుమారుడు ఏదో యొకనాటికి కుదురుపడునని తండ్రి వేచియుండెను. తన పనికి అర్థము తండ్రి గ్రహించునని కుమారుడు వేచియుండెను. ఇరువురి కోరికయు తీరలేదు. విన్సెంట్ తన దుఃఖమును మాటలలో పెట్టలేదు. కొలది దినములకు ఒక పూలకుండను చిత్రించి, దాని ముందు తండ్రివాడిన పొగగొట్టమును, పొగాకు సంచిని ఉంచెను. ఆ మీదట మరల సేద్యగాండ్ర గుడిసెకు నడిచెను.

ఏప్రిల్ మాసమున అతడు తాను కోరిన పెద్ద చిత్రమునకు పూనుకొనెను. డి గ్రోట్ కుటుంబము సాయంకాలము దీపముక్రింద భోజనమునకు కూర్చుండిన దృశ్యము అది. తొలుత వారి గుడిసెలోనే వారియెదుట కూర్చుండి రెండు మూడు విధముల వ్రాసి చూచెను. కడపటి చిత్రమును చిత్రశాలలో అధికభాగము జ్ఞాపకమునుండియే వ్రాసెను. చలికాలమంతయు ప్రతిదినమును ఆ ముఖములనే చూచినవానికి వానిని మరల చూడ నవసరము లేకపోయెను. మే మొదటివారమున చిత్రము ముగిసెను. దానికి ‘బంగాళాదుంపలు తినువారు’ అని పేరు. 82 సెంటీమీటర్ల ఎత్తు, 114 సెంటీమీటర్ల వెడల్పు గల కాన్వాసు.

ఆ చిత్రమున అయిదుగురున్నారు. దూలమునుండి వ్రేలాడు దీపము క్రింద చిన్న బల్ల, దానిపై పళ్లెములో పొగలు గ్రక్కు దుంపలు. ఎడమప్రక్క ఒక పురుషుడు, యువతి. కుడిప్రక్క గిన్నె పట్టిన వృద్ధుడు, కాఫీ వంచుచున్న వృద్ధురాలు. మనకు వీపు త్రిప్పి నిలిచిన బాలిక. ఎవరును మాటలాడుట లేదు. చిత్రమంతయు మట్టిరంగు, తొక్కతీయని దుంపరంగు. పళ్లెములోనికి చాపిన చేతులు కణుపులు దేరి పెద్దవిగా నున్నవి. ఏ చేతులు నేల త్రవ్వినవో ఆ చేతులే నేడు పళ్లెమున చేరినవనియు, వారి అన్నము న్యాయార్జితమనియు చూపుటయే అతని ఉద్దేశము. జాలి కలిగించుట అతని ఉద్దేశము కాదు. చూచువారికి కలుగునది గౌరవము.

లోకము ఈ చిత్రము నెట్లు స్వీకరించెను? థియో తమ్ముడగుటచే ప్రోత్సహించెను. కాని పారిస్‌లో నాడు వెలుగులు చిమ్ము లేతరంగుల చిత్రములు వచ్చుచుండగా ఈ చీకటి బొమ్మను కొనువారు లేరైరి. విన్సెంట్ దీనిని శిలాముద్రణము చేయించి, కొన్ని ప్రతులను మిత్రులకు పంపెను. చిరకాల మిత్రుడగు రాపార్డ్ అను చిత్రకారుడు ఆ ప్రతిని చూచి, మనుష్యుల ఆకారములు వికృతములుగా నున్నవనియు, ఇట్టి పని శ్రద్ధగల కళాకారునకు తగదనియు కఠినముగా వ్రాసెను. విన్సెంట్ ఆ ఉత్తరమును త్రిప్పి పంపెను. అయిదేండ్ల స్నేహము దానితో చెడెను. రాపార్డ్ చూపిన దోషములు కొన్ని నిజమే. చేతుల కొలతలు శాస్త్రప్రకారము లేవు. అది విన్సెంటునకును తెలియును. కాని కొలతలు తప్పని బొమ్మకంటె ప్రాణము తప్పని బొమ్మ మేలని అతడు నిశ్చయించుకొనెను. రెండేండ్ల తరువాత పారిస్‌నుండి చెల్లెలికి వ్రాయుచు, తాను చేసిన వానిలో ఈ చిత్రమే శ్రేష్ఠమని తెలిపెను.

తండ్రి మరణానంతరము ఇంటివారితో పొసగక అతడు చిత్రశాలలోనే కాపురముండెను. ఆ వేసవిలో, పొలముల నడుమ కూల్చివేయుచున్న పాతచర్చి గోపురమును, దాని చుట్టునున్న రైతుల సమాధులను చిత్రించెను. దున్నిన నేలయందే రైతు శాశ్వతముగ విశ్రమించుననుట దాని భావము. శరత్కాలమున మరియొక చిక్కు వచ్చెను. అతని యెదుట కూర్చుండు యువతులలో ఒకతె అవివాహితగానే గర్భవతి యయ్యెను. నింద విన్సెంటుపై పడెను. అతడు దానిని ఖండించెను. అయినను గ్రామ కాథలిక్ మతగురువు తన శిష్యులను అతనికి నమూనాలుగా కూర్చుండవద్దని ఆజ్ఞాపించెను. గుడిసెల తలుపులు మూతపడెను. మనుష్యులు దొరకనపుడు అతడు బుట్టలలోని దుంపలను, పక్షిగూండ్లను చిత్రించెను. అక్టోబరులో తండ్రిగారి పెద్ద బైబిలును, దాని ప్రక్కన తాను చదివి నలిగిన జోలా నవలను ఉంచి ఒక చిత్రము వ్రాసెను. తండ్రి గ్రంథము ఒకటి, కుమారుని గ్రంథము ఒకటి. రెండును ఒకే బల్లపై నున్నవి. బ్రతికియుండగా కుదురని సమాధానము బొమ్మలో కుదిరినదేమో యని చూచువారికి తోచును.

1885 నవంబరులో అతడు న్యూనెన్ విడిచి ఆంట్వెర్ప్ నగరమునకు వెడలెను. మరల ఆ గ్రామమునకు రాలేదు. రెండేండ్ల కాలమున సుమారు 200 తైలవర్ణ చిత్రములను అచట రచించెను. ఇంట మిగిలినవి మరుసటి సంవత్సరము తల్లి బ్రెడా పట్టణమునకు తరలిపోవునపుడు పెట్టెలలో ఒక వడ్రంగివద్ద ఉంచబడెను. కాలక్రమమున అవి పాతసామానుల వర్తకుని చేతబడెను. కొన్ని చిల్లరకు అమ్ముడుపోయెను, కొన్ని నశించెను.

తరువాతి కథ లోకప్రసిద్ధము గనుక సంగ్రహముగా చెప్పుదుము. 1886లో పారిస్ చేరి, నవీన చిత్రకారుల సాంగత్యమున అతని రంగులు వెలుగు సంతరించుకొనెను. 1888 ఫిబ్రవరి 20వ తేదీన దక్షిణ ఫ్రాన్సునందలి ఆర్ల్ పట్టణమున దిగునప్పటికి నేల యంతయు మంచు కప్పియుండెను. ఆ మంచులోనే బాదముచెట్టు పూయుట చూచెను. పూచిన కొమ్మ నొకదానిని గాజుపాత్రలో నుంచి చిత్రించెను. గాలికి ఎగిరిపోకుండ చిత్రపీఠమును నేలలో మేకులకు బిగించి, ఒక్కనెలలో 14 పూదోటల చిత్రములను వ్రాసెను. ఈ వేగము అద్భుతముగా తోచవచ్చును. కాని న్యూనెన్ చలికాలమును ఎరిగినవారికి ఇందు అద్భుతము లేదు. నాడు దీపపు వెలుగున, రంగు కనబడని చీకటిలో శ్రమించిన చేయి నేడు పట్టపగలు సూర్యకాంతిలో పనిచేయుచున్నది.

ఆ ఏట డిసెంబరులో మనోవ్యాధి సోకెను. మిత్రుడు గోగాఁతో కలహించి, ఉద్రేకమున తన చెవినే కోసికొనెను. 1889 మే నెలనుండి సెయింట్ రెమీలోని ఆరోగ్యశాలలో నుండెను. 1890 జనవరి 31వ తేదీన థియోకు కుమారుడు కలిగి, అన్నగారి పేరే పెట్టగా, ఫిబ్రవరిలో ఆ శిశువు కొరకు నీలాకాశమున పూచిన బాదముకొమ్మలను చిత్రించెను. వెనువెంటనే వ్యాధి తిరుగబెట్టెను. ఆ దుస్థితిలో అతని మనస్సు తిరిగి తిరిగి చేరినది న్యూనెన్ గుడిసెలకే. గడ్డికప్పుల ఇండ్లను, బల్లచుట్టు కూర్చుండిన సేద్యగాండ్రను జ్ఞాపకమునుండి గీచెను. దుంపలు తినువారి చిత్రమును మరల వ్రాయదలచెను. ఆ ఏట మే నెలలో పారిస్‌లో తమ్ముని ఇంట మూడు దినములున్నపుడు, ఆ పాతచిత్రము భోజనశాలయందు గోడపై నుండుట కన్నులార చూచెను. జూలై 27వ తేదీన ఓవేర్ గ్రామమున తుపాకి గాయముపాలై, 29వ తేదీన తమ్ముడు ప్రక్కనుండగా మరణించెను. ఆరునెలలు తిరుగకమునుపే, 1891 జనవరిలో, థియోయును గతించెను.

జీవితకాలమున విన్సెంటునకు పేరుగాని ధనముగాని రాలేదు. ‘ఎర్రని ద్రాక్షతోట’ అను చిత్రము 1890లో 400 ఫ్రాంకులకు అమ్ముడుపోవుట మాత్రము ప్రసిద్ధము. అతని చిత్రములను, ఉత్తరములను కాపాడి లోకమునకు అందించిన కీర్తి థియో భార్య యోహానాకు దక్కవలెను. పసిబిడ్డతో వితంతువైన ఆమె, పనికిరానివని నలుగురనిన ఆ చిత్రములను పారవేయక భద్రపరచి, ప్రదర్శనములు జరిపించి, 1914లో అన్నదమ్ముల ఉత్తరములను ప్రకటించెను. ఆమె కుమారుని కృషివలన ఆ చిత్రసంపద ఒకచోట నిలిచి, 1973లో ఆమ్‌స్టర్‌డాములో వాన్ గో పేర నెలకొల్పబడిన ప్రదర్శనశాలకు చేరెను. ‘బంగాళాదుంపలు తినువారు’ అచటనే యున్నది. న్యూనెన్ గ్రామమునను నేడు అతని స్మారక ప్రదర్శనశాల కలదు. ఒకనాడు తలుపులు మూసిన ఊరికే దూరదేశములనుండి జనులు వచ్చి, ఆ గుడిసెలున్న తావులెవ్వియని అడుగుచున్నారు.

విన్సెంట్ చరిత్రమున అనుకరింపదగనివియు కలవు. అతని కోపము మిత్రులను దూరము చేసెను. శరీరమును నిర్లక్ష్యము చేయుట ఆయువును హరించెను. వ్యాధిని గొప్పదనముగా ఎంచుట పొరపాటు. వ్యాధి పీడించిన దినములలో పెక్కింట అతడు కుంచె పట్టలేకపోయెను. అతని చిత్రములు ఆరోగ్యమున్న దినముల కృషికి ఫలములు. గ్రహింపవలసినది ఆ కృషిని. యాభై ముఖములు వ్రాయుదునని దీక్ష పూని, ఎవరును అడుగకున్నను, ఎవరును కొనకున్నను, చలికాలము తుదివరకు దినమునకొకటిగా వ్రాసినవాని పట్టుదలను గ్రహింపవలెను. నూరేండ్లు దాటిన పిమ్మట ఆ ముఖములు మనలను చూచుచున్నవి. వారి పేర్లు నాడు ఊరు దాటి యెరుగరు. దున్నుట, త్రవ్వుట, నేయుట తప్ప చరిత్రలో వ్రాయదగిన పని వారేమియు చేయలేదు. ప్రతిదినమును ఒక మనుష్యుడు వచ్చి వారి ముఖములను శ్రద్ధగా చూచెను. అందుచే వారు నిలిచిరి.

బొగ్గుగనుల నడుమ ఒక పేదయింటికి కొన్ని పుస్తకములు చేరియుండనిచో ఈ కథయే లేదు. మన గ్రంథాలయమునుండి ఏ పుస్తకము ఏ యింటికి పోయి ఏమి చేయునో ఇచ్చువారు ఎరుగరు, కొన్నిమార్లు తీసికొనిపోవువారును ఎరుగరు. తలుపు తెరచియుంచుట మన పని.